126 మిలియన్ల ఫెలిక్స్, 5 మిలియన్ల పెద్రి

2019 వేసవిలో, రెండు నెలల తేడాతో, స్పెయిన్‌లో ఇద్దరు కుర్రాళ్లకు బేరం కుదిరింది. జులై మొదటి వారంలో అట్లెటికో మాడ్రిడ్, లిస్బన్‌లోని బెన్ఫికా క్లబ్బుకు 126 మిలియన్ యూరోలు ఒప్పుకుని జువావ్ ఫెలిక్స్‌ను తెచ్చుకుంది. అప్పటి మారకం ప్రకారం దగ్గర దగ్గర వెయ్యి కోట్ల రూపాయలు. కుర్రాడికి పందొమ్మిదేళ్లు. సెప్టెంబరు మొదట్లో బార్సిలోనా, రెండో డివిజన్‌లో ఉన్న లాస్ పల్మాస్‌తో మాట్లాడుకుని పెద్రి అనే పదహారేళ్ల పిల్లవాణ్ని 5 మిలియన్ యూరోలకు ఖాయం చేసుకుంది. ఆపైన షరతులు నెరవేరితే ఇవ్వాల్సిన మొత్తాలు వేరే. వచ్చే ఏడాది రమ్మంది. మొదటి వార్త ఫుట్‌బాల్ లోకమంతా మోగిపోయింది. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఆరేళ్లు తిరిగేసరికి ఫెలిక్స్ సౌదీ అరేబియాలో అల్ నస్ర్ జట్టుకు చేరాడు. పెద్రి బార్సిలోనా ఆటకు ఇరుసయ్యాడు. ఇంతవరకూ చూసి కథ అల్లేయడం చాలా సులువు: ఒకడు డబ్బుకు తగనివాడు, ఇంకొకడు కారుచౌకగా దొరికిన రత్నం. ఆ కథను నేను ఒప్పుకోను. అది ఇద్దరికీ అన్యాయం చేస్తుంది. ఫెలిక్స్‌కు తాను అడగని అంకె బరువు మోపి, దాన్ని మోయలేదని శిక్ష వేస్తుంది. పెద్రి ఆటలోని గొప్పతనాన్ని తీసుకెళ్లి కొన్నవాళ్ల తెలివి కింద జమకడుతుంది. కుర్ర ఆటగాడి ధర కొన్నవాడి అవసరాన్ని చెబుతుంది. అతని ఫామ్ తెలియాలంటే అతనికి ఏ పని అప్పగించారో, ఎన్ని నిమిషాలు ఆడనిచ్చారో, ఒళ్లు ఏ స్థితిలో ఉందో కలిపి చూడాలి. ఈ రెంటినీ విడదీసి చూస్తే ఇద్దరి మీదా తీర్పు మారుతుంది. అది ప్రతిసారీ ఫెలిక్స్ వైపే మొగ్గుతుందని కూడా నేను అనను.

ముందు ధర సంగతి. బెన్ఫికాతో ఫెలిక్స్ ఒప్పందంలో రిలీజ్ క్లాజ్ 120 మిలియన్లు. అంత ఇచ్చేవాడికి తప్ప అమ్మనక్కర్లేదని క్లబ్బు ముందే రాసుకున్న అంకె అది. డబ్బు ఒక్కసారిగా కాకుండా వాయిదాల్లో ఇస్తామన్నందుకు ఖర్చు కలిసి 126 అయింది. ఇక కొన్నవాళ్ల వైపు చూద్దాం. ఆ వేసవిలో అట్లెటికో నుంచి గ్రీజ్‌మన్ 120 మిలియన్లకు బార్సిలోనా వెళ్లాడు. లుకాస్ ఎర్నాండెజ్ 80 మిలియన్లకు బయర్న్ మ్యూనిక్, రోద్రి 70 మిలియన్లకు మాంచెస్టర్ సిటీ చేరారు. ఏళ్ల తరబడి జట్టుకు వెన్నుదన్నుగా నిలిచిన గోదిన్, ఫిలిపె లూయిస్, హువాన్‌ఫ్రాన్ కూడా వెళ్లిపోయారు. చేతినిండా డబ్బు, ఖాళీ అయిన జట్టు, ఆందోళనలో ఉన్న అభిమానులు. ఆ పరిస్థితిలో వాళ్లకు ఒక ముఖం కావాలి. గ్రీజ్‌మన్ వదిలిన ఏడో నంబరు చొక్కా ఆ పందొమ్మిదేళ్లవాడికే ఇచ్చారు. 126లో ఫెలిక్స్ కాళ్ల పనితనం ఎంతుందో ఈ ఒత్తిళ్లన్నీ అంతకు తగ్గకుండా ఉన్నాయి.

ఐపీఎల్ వేలం చూసే మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. 2024 నవంబరు వేలంలో రిషభ్ పంత్ పాట 20.75 కోట్ల దగ్గర ఉండగా ఢిల్లీ తన పాత ఆటగాణ్ని అదే ధరకు వెనక్కి తీసుకునే హక్కు వాడుకోబోయింది. లక్నో ఒక్క ఊపున 27 కోట్లకు వెళ్లింది. ఆ అర నిమిషంలో పంత్ బ్యాటింగ్‌లో మార్పేమీ రాలేదు. మారిందల్లా కొనేవాడి పంతం, చేతిలో మిగిలిన సొమ్ము. అయినా సీజన్‌లో ప్రతి విఫలమైన ఇన్నింగ్స్ దగ్గరా ఆ 27ను తీసి అతని ముందు పెట్టారు.

పెద్రి ధర తక్కువ కావడం కూడా అతని ఆటకు కట్టిన విలువ కాదు. లాస్ పల్మాస్ 2018లో మొదటి డివిజన్ నుంచి కిందికి జారింది. రెండో డివిజన్‌లో ఆదాయం తక్కువ. పెద్రి ఆ క్లబ్బు సీనియర్ జట్టుకు మొదటి మ్యాచ్ ఆడింది 2019 ఆగస్టులో. బేరం ముగిసింది సెప్టెంబరు మొదట్లో. అంటే కొన్నవాళ్లు చూసింది పెద్దల ఆటలో అతని అనుభవాన్ని కాదు, రాబోయే కాలాన్ని. అతని కుటుంబం సంగతి కూడా ఉంది. టెనెరిఫె ద్వీపంలోని తెగెస్తె అనే చిన్న ఊళ్లో వాళ్ల తాత బార్సిలోనా అభిమానుల సంఘం పెట్టిన మనిషి. అంతకుముందు పెద్రి ట్రయల్స్ కోసం రియల్ మాడ్రిడ్ వెళ్తే మంచు కురిసి కొన్ని సెషన్లు రద్దయ్యాయి, చివరికి వద్దని పంపేశారు. పోర్టుగల్‌లో ఫెలిక్స్‌నూ పోర్టో అకాడమీ బక్కపలచగా ఉన్నాడని వదులుకుంది, ఆ తరువాతే బెన్ఫికా చేరదీసింది. పదిహేనేళ్ల వయసులో ఇద్దరినీ చూసి తప్పు లెక్క వేసినవాళ్లు ఫుట్‌బాల్ తెలియనివాళ్లు కారు. ఇద్దరి విషయంలోనూ వాళ్లు అప్పటికి కనిపించినదాన్ని బట్టే ఆటను తూచారు.

ధర ఎంత చంచలమైనదో 2024 వేసవి ఇంకా బాగా చూపింది. అట్లెటికోకు చెల్సీ నుంచి కానర్ గాలగర్ కావాలి. గాలగర్ చెల్సీ సొంత అకాడమీలో పెరిగినవాడు కాబట్టి అతన్ని అమ్మితే వచ్చే సొమ్మంతా లాభం కింద చూపించుకోవచ్చు. బదులుగా చెల్సీ ఒక యువ స్ట్రయికర్‌ను కొనాలనుకుంది, ఆ బేరం చెడింది. గాలగర్ బేరం ఆగిపోకుండా ఉండటానికి మధ్యలోకి వచ్చిన పేరు ఫెలిక్స్. అంతకు ఏడాదిన్నర ముందు లోన్ మీద తెచ్చుకుని, చూసి, వద్దని పంపిన ఆటగాణ్నే చెల్సీ ఇప్పుడు శాశ్వతంగా కొంది. ఆరు నెలలు గడవకముందే మిలాన్‌కు లోన్ మీద పంపింది. ఈ వ్యవహారంలో ఫెలిక్స్ ఆట గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. రెండు క్లబ్బుల ఖాతా పుస్తకాల గురించి మాత్రం బోలెడు తెలుస్తుంది.

ఇప్పుడు ఆట.

బెన్ఫికాలో ఫెలిక్స్ మెరిసింది నిజానికి అర సీజన్. 2018 ఆగస్టులో సీనియర్ జట్టులోకి వచ్చాడు, వచ్చిన వారంలోనే స్పోర్టింగ్‌తో జరిగిన లిస్బన్ డెర్బీలో స్కోరు సమం చేశాడు. అయినా కోచ్ రుయి విటోరియా అతన్ని ఎక్కువగా అంచున ఆడించేవాడు. 2019 జనవరిలో బ్రూనో లాజ్ పగ్గాలు తీసుకుని జట్టును 4-4-2కు మార్చాడు. సెఫెరోవిచ్‌ను ముందు నిలిపి, అతనికి కాస్త వెనకగా ఫెలిక్స్‌ను వదిలాడు. ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్లకూ డిఫెండర్లకూ మధ్య ఉండే ఆ సన్నని జాగాలో బంతి అందుకోవడం, మొదటి స్పర్శతోనే గోల్ వైపు తిరగడం, ఎవరూ ఊహించని క్షణంలో పెట్టెలోకి జారడం, ఇవీ అతని సొత్తు. లీగులో 26 మ్యాచ్‌ల్లో 15 గోల్స్. ఏప్రిల్ 11న యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్ తొలి అంచెలో ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ మీద హ్యాట్రిక్. ఆ పోటీలో అంత చిన్న వయసులో హ్యాట్రిక్ అంతకుముందు ఎవరూ చేయలేదు. బెన్ఫికా లీగ్ గెలిచింది.

ఆ అర సీజన్‌ను అబద్ధమని ఎవరూ అనలేరు. అయితే దాన్ని కొలిచేటప్పుడు చుట్టూ ఏముందో చూడాలి. పోర్టుగల్ లీగులో బెన్ఫికా ఆడే మ్యాచ్‌ల్లో చాలా వాటిల్లో బంతి బెన్ఫికా దగ్గరే ఉంటుంది. ప్రత్యర్థి తన సగంలో కాచుకుని ఉంటాడు. దాడి ఆగదు. రెండో స్ట్రయికర్‌కు బంతి కోసం పరుగెత్తి వెనక్కి రావాల్సిన అవసరం తక్కువ, బంతి దొరికే తడవలు ఎక్కువ. కోచ్ సిమియోని నడిపే అట్లెటికోలో సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ రెండో స్ట్రయికర్ మొట్టమొదట ఒక రక్షకుడు. బంతి పోయిన మరుక్షణం వెనక్కి వచ్చి మిడ్‌ఫీల్డ్ గీతలో కలవాలి, ప్రత్యర్థి మధ్యవాడికి పాస్ అందకుండా అడ్డం నిలవాలి, బంతి గెలిచాక అరవై గజాలు పరుగెత్తి దాడిలో చేరాలి. రెండు చోట్లా స్థానం పేరు ఒకటే, పని పూర్తిగా వేరు. 2019 జులైలో అమెరికాలో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో అట్లెటికో 7-3తో రియల్ మాడ్రిడ్‌ను చిత్తుచేసినప్పుడు ఫెలిక్స్ కూడా గోల్ కొట్టాడు, అంతా సర్దుకుపోతుందనిపించింది. లీగులో తొలి మ్యాచ్‌లో గెటాఫె మీద తన సగం నుంచి బంతి లాక్కుపోయి పెనాల్టీ సంపాదించిన పరుగు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. తరువాత చీలమండ గాయం, ఆపైన కొవిడ్ విరామం. ఆ సీజన్ 9 గోల్స్. తరువాతి రెండు సీజన్లలో పదేసి.

ఈ అంకెల పక్కన 126ను పెట్టి చూసినవాళ్లే ఎక్కువ. అక్కడే మొదటి అన్యాయం జరిగింది. అట్లెటికోకు ఆడిన 131 మ్యాచ్‌ల్లో 34 గోల్స్ అని రాస్తారు. వాటిలో ఎన్నిటిలో చివరి ఇరవై నిమిషాలకు దింపారో, ఎన్నిటిలో అరగంట మిగిలి ఉండగా పిలిచేశారో ఆ వాక్యంలో కనిపించదు. కుర్ర ఆటగాడి గోల్స్‌ను మ్యాచ్‌లతో భాగించడం తప్పు, నిమిషాలతో భాగించాలి. అతని కోసం జట్టు ఎన్ని దాడులు నిర్మించిందో కూడా చూడాలి. 2020 ఆగస్టులో చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌లో లైప్‌జిగ్ మీద అతన్ని రెండో సగంలో దింపారు. కాసేపటికే తనే పెనాల్టీ సంపాదించి తనే గోల్ చేశాడు. జట్టు 2-1తో ఓడింది. ఆ నవంబరులో లా లిగా నెల ఉత్తమ ఆటగాడు అతనే. ఆ సీజన్ చివర అట్లెటికో లీగ్ గెలిచింది. గెలిపించిన పేరు మాత్రం స్ట్రయికర్ సుఆరెజ్ 21 గోల్స్‌దే.

అయితే సిమియోని కళాకారులకు పనికిరాడన్న వాదనతో ఫెలిక్స్‌ను పూర్తిగా వెనకేసుకు రావడం నాకు కుదరదు. గ్రీజ్‌మన్ ఉదాహరణ అడ్డం వస్తుంది. 2014లో రియల్ సొసియెదాద్ నుంచి వచ్చినప్పుడు గ్రీజ్‌మన్ కూడా అంచున ఆడే నాజూకు ఆటగాడే. మొదటి నెలల్లో సిమియోని అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. వెనక్కి రావడం, ఢీకొనడం, వేచి ఉండటం నేర్చుకున్నాక ఆ సీజన్ ముగిసేసరికి లీగులో 22 గోల్స్. అతనికి అప్పుడు ఇరవై మూడేళ్లు, ఫెలిక్స్‌కన్నా నాలుగేళ్లు పెద్ద. పైగా అతని నెత్తిన 126 లేదు, వేచి ఉండే వీలుంది. ఫెలిక్స్‌ను బెంచీ మీద కూర్చోబెట్టిన ప్రతిసారీ అది పతాక శీర్షిక అయింది. ధర ఇక్కడ నేరుగా ఆటను దెబ్బతీసింది. నేర్చుకోవడానికి కావలసిన మరుగు ఆ కుర్రాడికి దొరకలేదు.

2022 వసంతంలో ఒక కిటికీ తెరుచుకుంది. ఫిబ్రవరి 23న మాంచెస్టర్ యునైటెడ్ మీద గాల్లోకి దూకి తలతో కొట్టిన గోల్, ఆ వారాల్లో లీగులో అతని ఆట చూసినవారు ఇక కుదురుకున్నాడనే అనుకున్నారు. ఏప్రిల్‌లో తొడ కండరం గాయంతో సీజన్ ముగిసింది. తరువాత వరుసగా చెల్సీ, బార్సిలోనా, మళ్లీ చెల్సీ, మిలాన్. 2023 జనవరిలో చెల్సీకి మొదటి మ్యాచ్‌లోనే ఫుల్‌హామ్ మీద ఎర్రకార్డు. బార్సిలోనాలో కోచ్ చావి పూర్తి సీజన్ ఇచ్చాడు, 44 మ్యాచ్‌ల్లో 10 గోల్స్. అట్లెటికో మీద ఇంటా బయటా రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టాడు. ఆ రెండు రాత్రుల కసి మిగతా రాత్రుల్లో కనిపించలేదు. ఇక్కడ నా తీర్పు గట్టిగానే చెబుతాను. తొలి మూడేళ్లకు ఫెలిక్స్‌ను దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఆ తరువాత వేర్వేరు కోచ్‌లు, వేర్వేరు వ్యూహాలు, వేర్వేరు దేశాలు. అయినా అదే చిత్రం: రెండు మూడు మ్యాచ్‌లు వెలుగు, ఆపైన బంతి లేనప్పుడు ఆటలోంచి తప్పుకోవడం, ఒత్తిడిలో ఒక పాస్ ఆలస్యం. లోన్ మీద వచ్చినవాడి మీద ఏ కోచ్ అయినా ఎక్కువ శ్రద్ధ పెట్టడన్నది నిజమే. కానీ నాలుగు సంతకాల తరువాత కూడా వ్యూహాన్నే తప్పుపట్టడం అతని మీద జాలి అవుతుంది, న్యాయం కాదు. ఆ లోటు ఆటగాడిదే.

2025లో అల్ నస్ర్ తరఫున లీగులో తొలి మ్యాచ్‌లోనే హ్యాట్రిక్ కొట్టాడు. దాన్ని చూసి ఫామ్ తిరిగొచ్చిందని కొందరు, ఆ లీగులో ఎవరైనా కొడతారని ఇంకొందరు తేల్చేశారు. రెండూ తొందరపాటే. అక్కడ అతనికి దొరికింది 2019 నాటి ప్రశ్నకే జవాబు: బంతి మన దగ్గరే ఉండే జట్టులో, స్ట్రయికర్ వెనక జాగా వదిలితే ఈ ఆటగాడు ఏం చేయగలడు? అదే పని మళ్లీ ఇచ్చారు, అదే ఫలితం వచ్చింది. అది అతని ప్రతిభ నిజమేనని చెబుతుంది. యూరప్‌లో ఎందుకు నిలవలేదో చెప్పదు.

పెద్రి దగ్గరికి వస్తే మొదట పక్కన పెట్టాల్సింది గోల్స్ పట్టిక. 2020-21లో, బార్సిలోనాలో అతని మొదటి సీజన్‌లో, 52 మ్యాచ్‌లు ఆడి కొట్టింది 4 గోల్స్. ఫెలిక్స్‌ను తూచిన తక్కెడలోనే పెడితే ఇతను లెక్కలోకే రాడు. పెద్రి చేసేది గోల్‌కు మూడు నాలుగు పాస్‌ల ముందు జరుగుతుంది. బంతి రాకముందే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసుకుంటాడు. మీదికొచ్చే మిడ్‌ఫీల్డర్ ఏ కాలి మీద బరువు వేశాడో గమనించి, రెండో వైపు తిరుగుతాడు. ఒక్క మలుపుతో ఇద్దరు వెనకబడిపోతారు, జట్టు పది గజాలు ముందుకు జరుగుతుంది. స్కోరుకార్డులో దీనికి గడి లేదు. మెస్సీ పక్కన ఆడుతూ, పదిహేడేళ్లకు, అందులోనూ ఖాళీ స్టేడియాల్లో, కష్టాల్లో ఉన్న క్లబ్బులో ఇదంతా చేశాడు.

2021 యూరో సెమీఫైనల్‌లో ఇటలీ మీద అతను 66 పాస్‌లు ఇస్తే ఒక్కటే గురి తప్పింది, అదీ అదనపు సమయంలో. ఆ మిడ్‌ఫీల్డ్‌లో ఎదురున్నది జోర్జిన్యో, వెరాటి, బరెల్లా. టోర్నీ ఉత్తమ యువ ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. తేలిక పాస్‌లు ఇస్తే శాతం ఎక్కువే వస్తుందని ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైన అభ్యంతరమే. ఆ మ్యాచ్ మళ్లీ చూస్తే మాత్రం జవాబు దొరుకుతుంది. అతని పాస్‌లలో చాలావరకు ఇటలీ రెండు గీతల మధ్యలోకి వెళ్లినవి, అంటే ఒకప్పుడు ఫెలిక్స్ నిలబడి అందుకున్న ఆ సన్నని జాగాలోకే. ఫెలిక్స్ ఆ జాగాలో బంతి అందుకునే ఆటగాడు. పెద్రి అక్కడికి బంతి పంపనూ గలడు, తానే వెళ్లి అందుకోనూ గలడు. వీరిద్దరి ఆటను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించే అసలు తేడా ఇది. జట్టు ఏదైనా, వ్యూహం ఏదైనా బంతిని ముందుకు నడిపేవాడి పని పోదు. ఒక జాగా మీద బతికే ఆటగాడికి ఆ జాగా దొరక్కపోతే పని ఉండదు. ఇది ఒకరి మనసు గట్టిదనీ ఇంకొకరిది మెత్తదనీ తేల్చే విషయం కాదు, ఆట స్వభావంలోనే ఉన్న తేడా. 2019లో ఈ తేడాకు ఎవరూ ధర కట్టలేదు.

పెద్రికి జరిగిన అన్యాయం వేరే రకం. జులై 6న వెంబ్లీలో ఇటలీతో సెమీఫైనల్ ఓడిన కుర్రాడు జులై 22న జపాన్‌లో ఈజిప్టు మీద ఒలింపిక్ మ్యాచ్ ఆడాడు. ఆగస్టు 7న బ్రెజిల్‌తో ఫైనల్. వెండి పతకంతో తిరిగొచ్చి, ఆ నెలలోనే మళ్లీ బార్సిలోనా చొక్కాలో కనిపించాడు. క్లబ్బు, దేశం కలిపి ఆ ఏడాది 73 మ్యాచ్‌లు. పద్దెనిమిదేళ్ల ఒళ్లు. ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో పనిభారం గురించి హెచ్చరించేటప్పుడు అతని పేరును ఉదాహరణగా చూపింది. సెప్టెంబరులో బయర్న్ మ్యాచ్‌లో తొడ పట్టేసింది. తొందరపడి దింపితే మళ్లీ పట్టేసింది. ముందటి సీజన్ బార్సిలోనాకు 52 మ్యాచ్‌లు ఆడినవాడు ఆ సీజన్ ఆడింది 22. ఆ 22లోనే ఏప్రిల్ మొదట్లో సెవియ్యా మీద పెట్టె అంచున ఇద్దరిని వట్టి కదలికతో పడేసి కొట్టిన గోల్ ఉంది. పదకొండు రోజులకు ఫ్రాంక్‌ఫర్ట్‌తో యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్‌లో తొడ మళ్లీ పట్టేసి సీజన్ ముగిసింది. మూడేళ్ల కిందట ఫెలిక్స్‌ను ఆకాశానికెత్తిన ప్రత్యర్థే, అదే పోటీ, అదే అంకం.

అంటే 2022 ఏప్రిల్‌లో ఇద్దరూ గాయంతో పడుకున్నారు. ఆ నెలలో ఎవరైనా తీర్పు చెప్పాల్సి వస్తే ఏం చెప్పేవారు? ఫెలిక్స్ ఇరవై రెండేళ్లకు తన అత్యుత్తమ ఫామ్‌లో ఆగిపోయిన ఆటగాడు, లీగ్ టైటిల్ చేతిలో ఉన్నవాడు. పెద్రి పంతొమ్మిదేళ్లకే తొడ కండరం నమ్మలేని ఆటగాడు, గ్లాసు బొమ్మ అని పేరు పడబోతున్నవాడు. ఇటలీ పత్రిక టుట్టోస్పోర్ట్ ఇచ్చే గోల్డెన్ బాయ్ అవార్డు 2019లో ఫెలిక్స్‌కు, 2021లో పెద్రికి వచ్చింది. ఆ జాబితాలో 2005లో మెస్సీ ఉన్నాడు, 2008లో ఇప్పుడు చాలామందికి గుర్తులేని ఆండర్సన్ ఉన్నాడు. ఏ రోజు నిలబడి చూస్తున్నామన్నదే సగం తీర్పు చెబుతుంది.

ఆ తరువాత రెండేళ్లూ పెద్రికి గాయాలు ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి, 2024 మార్చిలో ఇంకొకటి. 2024 యూరో క్వార్టర్ ఫైనల్‌లో జర్మనీ మీద ఆట మొదలైన కొద్ది నిమిషాలకే టోనీ క్రోస్ ఢీకొట్టడంతో మోకాలు దెబ్బతిని కన్నీళ్లతో బయటికొచ్చాడు. అతన్ని వెక్కిరించినవాళ్లు ఈ దెబ్బను కూడా పాత గాయాల కుప్పలో వేశారు. అలసిన కండరం చిట్లడానికీ ఎదుటివాడు తగిలి మోకాలు వంగడానికీ ఏం సంబంధం? గాయాలను లెక్కపెడితే చాలదు, ఏది ఎందుకు వచ్చిందో విడదీయాలి. 2024-25లో కోచ్‌గా హాన్సీ ఫ్లిక్ వచ్చాడు, ఫిట్‌నెస్ పనిని హూలియో తూస్ బృందం చూసుకుంది, సీజన్ పొడుగునా పెద్రి నిలిచాడు. బార్సిలోనా లీగ్, కోపా డెల్ రే, సూపర్ కప్ మూడూ గెలిచింది. మనిషి మారలేదు. అతని ఒంటిని ఎలా వాడాలన్నది మారింది. అందుకే అంతకుముందు మూడేళ్లలో ఫామ్ లేదని అతని మీద పడిన మచ్చను నేను అతన్ని వరసగా ఆడించిన క్లబ్బు, జాతీయ జట్టు ఖాతాలోకి మారుస్తాను.

ఈ లెక్కంతా తరువాత బార్సిలోనాలోనే ఇంకొక కుర్రాడు లమీన్ యమాల్‌కు అవసరం పడింది. 2025 అక్టోబరు 26న బెర్నబ్యూలో రియల్ మాడ్రిడ్ 2-1తో బార్సిలోనాను ఓడించింది. పెద్రికి చివర్లో రెండో పసుపు కార్డు పడి బయటికి వెళ్లాడు, ఆ మ్యాచ్ తరువాత తొడ గాయంతో కొన్ని వారాలు ఆగాల్సి వచ్చింది. యమాల్ ఆ రాత్రి తేలిపోయాడు. మర్నాటి నుంచీ అతని ఫామ్ మీద, ప్రవర్తన మీద, మ్యాచ్‌కు ముందు అన్న మాటల మీద చర్చ. సెప్టెంబరులో స్పెయిన్ జట్టు నుంచి గజ్జల నొప్పితో తిరిగొచ్చాడన్నదీ, నొప్పి మాత్రలతో ఆడించారని ఫ్లిక్ బహిరంగంగా నిరసించాడన్నదీ ఆ చర్చలో చివరి పేరాల్లోకి వెళ్లిపోయాయి. యమాల్ పద్దెనిమిదేళ్లు నిండకముందే బార్సిలోనాకు వందకు పైగా మ్యాచ్‌లు ఆడాడు, స్పెయిన్‌కు ఆడినవి వేరే. 73 మ్యాచ్‌ల ఏడాది ఒక కుర్రాడి తొడలకు ఏం చేసిందో తెలిసిన మనిషి అదే డ్రెస్సింగ్ రూమ్‌లో అతని పక్కనే కూర్చునేవాడు. ఆ శరత్కాలపు యమాల్ ఆట మీద నేను తీర్పు ఇవ్వను. నొప్పి ఉందని తెలిసీ అతన్ని ఆడించినవాళ్ల మీద ఇస్తాను, అది కఠినంగానే ఉంటుంది.